ఎండ తగలని అడుగులు

డైరెక్టర్ తిరుమలేశ్ సినిమాకి అడుగుల పని తనకే ఇచ్చారని ఫోన్ వచ్చిన పూట, జెరూష పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి గట్టంతా పారాయి. ఆమె చూసుకోలేదు. గరిటె చేత్తో పట్టుకునే వరండాలోకి వచ్చి, కింద సందులో బైకు తీస్తున్న మొగుణ్ణి కేకేసింది.

"ఏవండీ! మనకే ఇచ్చారు! సినిమా మొత్తం మనకే!"

ప్రేమ్ చంద్ అవుట్‌డోర్ యూనిట్లో లైట్‌మ్యాన్. హెల్మెట్ తలకి సగం ఎక్కించుకుని పైకి చూశాడు. "ఎవరి సినిమా?"

"తిరుమలేశ్ గారిది!"

కృష్ణానగర్ సందులో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. ఇస్త్రీబండి దగ్గర నిలబడ్డ ఇద్దరు డాన్సర్లు తలలెత్తారు. ప్రేమ్ చంద్ హెల్మెట్ తీసి గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. జెరూష ఆగలేక మెట్లు దిగబోయింది. రెండో మెట్టు మీద తొడలు ఒక్కసారిగా నీరుగారిపోయాయి. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏమైంది?" అన్నాడతను కంగారుగా.

"ఏం లేదు, కాలు జారింది" అని నవ్వేసింది. ఆ రోజు నవ్వు ఆపడం ఎవరి తరమూ కాదు.

సినిమాలో హీరో నడిచి వస్తుంటే మనకి వినబడే చప్పుడు చాలాసార్లు ఆ హీరోది కాదు. షూటింగులో జనరేటరు మోత, జనం గోల. మైకు ఉండేది మాట కోసం, కాళ్ళ కోసం కాదు. అందుకని తర్వాతెప్పుడో ఫిల్మ్ నగర్‌లో ఒక చీకటి గదిలో, తెర మీది బొమ్మని చూస్తూ, ఆ కాళ్ళతో పాటు ఇంకొకరు నడుస్తారు. మెట్టెల చప్పుడు, బూటు చప్పుడు, చీర కుచ్చిళ్ళ గరగర, అన్నీ వాళ్ళే చేస్తారు. ఆ పనికి ఫోలీ అని పేరు. జెరూష పదమూడేళ్ళుగా ఆ పనిలో ఉంది. హీరోయిన్లకి నడిచే ఆడవాళ్ళు ఇంకా దొరుకుతారు. హీరోల బూట్లు తొడుక్కుని, వందమంది రౌడీల మధ్యకి నడిచి వెళ్ళే మగవాడి అడుగు వెయ్యగల ఆడమనిషి మాత్రం ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

ఆమెది కాకినాడ. చర్చిలో క్రిస్మస్ నాటకాలకి డాన్సులు నేర్పుతూ నేర్పుతూ, పంతొమ్మిదేళ్ళప్పుడు గ్రూప్ డాన్సర్‌గా హైదరాబాద్ వచ్చింది. వచ్చిన కొత్తల్లో ఒక అసిస్టెంటు, "ఎండలో తిరిగావంటే వెనక వరసకి పంపేస్తాను, కెమెరాకి నల్లగా పడతావ్" అన్నాడు. ఆ మాట ఆమె చర్మానికి అంటుకుపోయింది. అప్పట్నుంచి చేతులకి పొడుగు గ్లవ్స్, మొహానికి స్కార్ఫు, నెత్తిన గొడుగు. తర్వాత భిక్షం మాస్టారు ఆమె డాన్సు చూసి, "నీ కాళ్ళల్ల తాళమున్నది బిడ్డా, గీ వెనక వరుసల ఎందుకు?" అని తన ఫోలీ గదికి తీసుకుపోయి పని నేర్పాడు. డాన్సు పోయింది గానీ గ్లవ్సూ స్కార్ఫూ పోలేదు. గదికి కిటికీలు లేవు. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే బయటికి రావడం. ఇంటి సందులో అయితే ఎదుటి మేడ నీడ తప్ప సూర్యుడు కనబడడు.

తిరుమలేశ్ స్టూడియోకి వచ్చి ఒక పరుగు సీను చూపించిన రోజు జెరూషకి ఒళ్ళంతా గగుర్పాటు వచ్చింది. బస్తీలో మంటలు లేచాయి. హీరో తన చెల్లెలి కూతుర్ని వీపున వేసుకుని పరుగెత్తుతాడు. చెప్పుల్లేని కాళ్ళు. బురద సందు, నాలా మీద చెక్క వంతెన, కంకర, ఆ పైన ఇనప మెట్లు. కెమెరా ఎక్కడా కట్ కాకుండా వెంటే పోతుంది.

"ఇక్కడ మ్యూజిక్ పెట్టట్లేదండీ" అన్నాడు తిరుమలేశ్. "ఊపిరీ, కాళ్ళూ. అంతే. జనం సీట్ల అంచుకి రావాలి. ముక్కలు ముక్కలుగా చేసి అతికిస్తే నాకు తెలిసిపోతుంది. ఒకే ఊపులో కావాలి. చెయ్యగలరా?"

"చేస్తానండీ!" అంది జెరూష, ఆయన మాట పూర్తి కాకుండానే. అలాంటి సీను కోసమే పదమూడేళ్ళు నడిచినట్టనిపించింది.

సౌండ్ ఇంజనీర్ రఘునందన్‌కీ అంతే ఉత్సాహం. బోరబండ వాడు. జెరూష కంటే నాలుగేళ్ళు చిన్న. అద్దానికి అవతల అతను, ఇవతల ఆమె, కళ్ళతోనే మాట్లాడుకుంటారు. పరుగు సంగతి తర్వాత చూద్దామని ముందు తేలికైన సీన్లు మొదలుపెట్టారు. హీరో కాలేజీ వరండాలో నడిచి రావాలి. జెరూష బూట్లు తొడుక్కుని సిమెంటు పలక మీద నడిచింది.

"అక్కా, ఇంకొక్కసారి."

నడిచింది.

"ఇంకొక్కసారి అక్కా."

అయిదోసారికి ఆమెకి చిర్రెత్తింది. "ఏంటి రఘూ, ఏం బాగాలేదో చెప్పు!"

రఘునందన్ హెడ్‌ఫోన్లు తీసి గదిలోకి వచ్చాడు. "అక్కా, ఏమనుకోకు. హీరో కుంటుతుండు."

"ఏంటీ?"

"నిజంగ. జర గీడికొచ్చి విను."

రెండేళ్ళ కిందటి సినిమాలో ఆమె వేసిన నడక పెట్టాడు. టక్, టక్, టక్. తర్వాత ఇప్పటిది. ఒక అడుగు పడుతోంది, ఇంకోటి ఈడ్చుకుంటూ వచ్చి పడుతోంది. బాతు నడకలా శరీరం అటూ ఇటూ ఊగుతున్నట్టు వినబడుతోంది. జెరూష హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడాదిగా తుంటి నొప్పి, పక్కటెముకల్లో పోటు, నేల మీద కూర్చుంటే లేవలేకపోవడం. బామ్ రాసుకుంటూ, వయసు మీద పడుతోందని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఏం వయసు! మైకు మాత్రం ఏదీ సర్దిచెప్పుకోలేదు.

"చూపించుకోలేదా అక్కా?"

"చూపించుకున్నాన్రా. నడుము నొప్పికి మాత్రలిచ్చారు. మొన్న ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళారు కదా, ఆ ప్యాకేజీ టెస్టు కూడా చేయించా. విటమిన్ డి అరవై ఒకటి. బ్రహ్మాండంగా ఉందన్నారు."

"ఇగ నువ్వు నా బండెక్కు" అన్నాడు రఘునందన్. "వెంగళరావు నగర్‌ల నవత డాక్టరమ్మ ఉన్నది. మా అమ్మని లేపి నిలబెట్టింది. పా."

డాక్టర్ నవత క్లినిక్ చిన్నది. ఆవిడ చూపు మాత్రం పెద్దది. జెరూష తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా వచ్చేలోపే పెన్ను పక్కన పెట్టేసింది.

"మళ్ళీ తలుపు దగ్గరికెళ్ళి రండి. నడిచి చూపించండి."

చూపించింది.

"ఇప్పుడు గొంతుక్కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి."

కూర్చుంది. లేవలేకపోయింది. రఘునందన్ రెక్క పట్టుకుని లేపాడు. డాక్టరమ్మ బొటనవేలితో మోకాలి కింద ఎముక మీద నొక్కింది. జెరూష కెవ్వుమంది. ఆ తర్వాత ఆవిడ పాత రిపోర్టు పేజీలు తిప్పసాగింది. తిప్పుతున్నకొద్దీ కనుబొమలు ముడిపడ్డాయి.

"కాల్షియం తగ్గింది. ఫాస్ఫరస్ తగ్గింది. ఎముకలు కష్టపడుతున్నాయని చెప్పే ఎంజైము బాగా పెరిగింది. ఇవన్నీ చూస్తే మీ ఒంట్లో డి లేదు, ఎముక మెత్తబడుతోంది అని అరుస్తున్నాయి. డి చూస్తేనేమో అరవై ఒకటి! ముప్ఫై ఉంటేనే మేం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం. ఇరవై లోపైతే తక్కువ, పన్నెండు లోపైతే గట్టి కొరత. ఈ అరవై ఒకటి మిగతా రిపోర్టుతో కలవడం లేదమ్మా."

"రక్తం మారిపోయిందేమోనండీ?"

"ఉండండి. ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు? అన్నీ చెప్పండి. బలానికీ, అందానికీ, దేనికైనా సరే."

జెరూష సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. నొప్పుల మాత్రలు, గ్యాసు మాత్రలు, ఇంకో సీసా. "ఇది జుట్టుకండీ. ఊడిపోతోందని మా హెయిర్‌డ్రెస్సరమ్మాయి ఇచ్చింది. రోజుకొకటి."

డాక్టర్ నవత ఆ సీసా తిప్పి చిన్న అక్షరాలు చదివింది. చదివి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"బయోటిన్! పది మిల్లీగ్రాములు! దొరికింది!"

పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లలా ఉందావిడ మొహం. రఘునందన్, జెరూష ఒకరినొకరు చూసుకున్నారు.

"వినండి, చెప్తాను. మీ రక్తంలో ఉన్న డిని ఆ మెషీన్ నేరుగా లెక్కపెట్టదు. వెలుగునిచ్చే గుర్తు తగిలించిన డిని కొంత మీ రక్తంలో కలుపుతారు. మీ డికీ, ఆ వెలిగే డికీ కుర్చీలాట. మీలో డి ఎక్కువుంటే కుర్చీలన్నీ అదే పట్టేసుకుంటుంది, వెలిగేదానికి చోటు దొరకదు. అందుకని వెలుగు తగ్గితే డి ఎక్కువుందని మెషీన్ అనుకుంటుంది. అర్థమైందా?"

"అయిందండీ."

"ఇప్పుడు అసలు సంగతి. కొన్ని మెషీన్లలో ఆ కుర్చీల్ని కదలకుండా బిగించే కొక్కెం ఈ బయోటినే. కొక్కెం వెళ్ళి తగులుకోవడానికి గోడకి రింగులుంటాయి. మీరు పొద్దున్నే ఇంత బయోటిన్ మింగి రక్తం ఇచ్చారు. అది వెళ్ళి రింగులన్నీ ఆక్రమించుకుంది. కుర్చీలు బిగుసుకోలేదు, కడిగినప్పుడు కుర్చీలతో సహా అంతా కొట్టుకుపోయింది. వెలుగు రాలేదు. మెషీన్ ఏమనుకుంటుంది?"

జెరూష కళ్ళు పెద్దవయ్యాయి. "నాలో బోలెడు డి ఉందని!"

"అదీ! ల్యాబు తప్పు లేదు, మెషీన్ తప్పూ లేదు. మీరీ మాత్ర వేసుకుంటున్నారని వాళ్ళకి తెలియదు, అడిగినవాళ్ళు లేరు." ఆవిడ అప్పటికే చీటీ మీద రాసేస్తోంది. "జుట్టు మాత్ర ఈ రోజే ఆపండి. వారం పోయాక మళ్ళీ రక్తం ఇవ్వండి. ఈసారి వేరే పద్ధతిలో చేయిస్తాను. ఆ యంత్రం అణువు బరువుని బట్టి ఇది డి అని గుర్తుపడుతుంది, దానికి కొక్కేలతో పనిలేదు."

బయటికొచ్చి బండెక్కుతూ జెరూష, "రఘూ, నేనేమైపోతానోనని భయపడాలి కదరా. నాకేంటి ఇంత సరదాగా ఉంది?" అంది.

"దొంగ దొరికిండు కదక్కా!"

ఆ వారం ఎలా గడిచిందో ఆమెకే తెలియదు. ఆదివారం చర్చిలో పాట పాడుతూ కూడా మనసు రక్తం మీదే ఉంది. రిపోర్టు వచ్చిందని ఫోన్ రాగానే ప్రేమ్ చంద్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. డాక్టరమ్మ కాగితం తిప్పి చూపించింది. ఆరు.

"ఆరు!" అని అరిచింది జెరూష. "ఏవండీ, ఆరేనంట! ఆరు!"

బయట కూర్చున్న పేషెంట్లు ఈవిడకేదో లాటరీ తగిలిందనుకున్నారు. డాక్టర్ నవత నవ్వాపుకోలేకపోయింది. "ఆరొస్తే ఇంత సంబరపడ్డ మనిషిని నేను చూళ్ళేదమ్మా."

"కాదండీ, నా కాళ్ళు అయిపోయాయనుకున్నాను. ఇంక నడవలేననుకున్నాను. తక్కువైంది పెంచుకోవచ్చు కదండీ?"

"ఎందుకు పెంచుకోలేం! డి లేకపోతే మనం తిన్న కాల్షియం సరిగ్గా ఒంటికి పట్టదు. ఎముకకి గట్టిదనం రాదు. తొడల్లో, తుంటి దగ్గర కండ బలం పోతుంది. అందుకే మీ నడక అలా అయింది. డి నిండిందంటే ముందు కండ తేరుకుంటుంది, తర్వాత ఎముక. మొన్న తీయించిన ఎక్స్‌రేలో విరుగుళ్ళేం లేవు, అది మన అదృష్టం."

ప్రేమ్ చంద్ గొంతు సవరించుకున్నాడు. "మేమిద్దరం ఒకే వంట తింటామండీ. మరి నాకేం కాలేదేంటి?"

"మీరేం పని చేస్తారు?"

"లైట్‌మ్యాన్‌నండీ. అవుట్‌డోర్."

"మధ్యాహ్నం ఎండలో, పొట్టి చేతుల చొక్కాతో?"

"చొక్కా ఉంటే గొప్పేనండీ."

"అదే జవాబు. తిండిలో దొరికే డి చాలా తక్కువ. మనకి కావలసింది ఎక్కువగా చర్మమే ఎండలో తయారుచేసుకుంటుంది."

అతనికీ ఉత్సాహం పుట్టి, తన రక్తం కూడా తియ్యమని చెయ్యి చాపాడు. తర్వాత రఘునందన్ కూడా వచ్చి ఇచ్చాడు. లైట్‌మ్యాన్‌కి ముప్ఫై మూడు వచ్చింది. అద్దం వెనక కూర్చునే ఇంజనీర్‌కి పదకొండు. "నేను గూడ నీ పార్టీనే అక్కా!" అని రఘునందన్ స్టూడియో అంతా చాటింపు వేశాడు.

వైద్యం చూస్తే చాలా మామూలుది. వారానికొకసారి పాలల్లో కలుపుకుని తాగే పొడి, రోజూ కాల్షియం మాత్ర, మెల్లగా వ్యాయామం, కాసేపు ఎండ. డాక్టరమ్మ గట్టిగానే హెచ్చరించింది: వారానికొకసారి అన్నది రోజూ వేసుకుంటే ప్రమాదం, కాల్షియం మితిమీరి కిడ్నీలు పాడవుతాయి. ఈ కొరతని ఒక్క ఎండతో పూడ్చలేం గానీ ఎండ మానొద్దు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, కావలసిన కిరణాన్ని అద్దం ఆపేస్తుంది. పదకొండు దాటాక కాసేపు, చేతులూ కాళ్ళూ కప్పుకోకుండా.

"ఎండలో కూర్చుంటే మర్నాడే అంకె పెరుగుద్దాండీ?"

"పెరగదు. చర్మంలో తయారైనది లివర్‌కి వెళ్ళి నిల్వ రూపంలోకి మారుతుంది. అది వారాల తరబడి రక్తంలో ఉంటుంది కాబట్టి మేం కొలిచేది దాన్ని. కిడ్నీలు దాన్ని పనిచేసే రూపంలోకి మారుస్తాయి. అది కొన్ని గంటల్లో కరిగిపోతుంది. పైగా కొరత ఉన్నప్పుడు కూడా మామూలుగానే కనబడి మోసం చేస్తుంది. కాబట్టి ఓపిక పట్టండి. మూడు నెలలకి చూద్దాం."

మూడు నెలలు! తిరుమలేశ్ సినిమా ఫైనల్ మిక్సింగ్ సరిగ్గా ఆ రోజుల్లోనే. జెరూష ఉన్న సంగతంతా ఆయనకి చెప్పేసింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"రిలీజ్ ఆపలేనండీ. పరుగు సీను ఆఖర్న పెట్టుకుందాం. అప్పటికి మీవల్ల కాకపోతే రెడీమేడ్ చప్పుళ్ళతో నింపేస్తాను. నాకిష్టం లేకపోయినా."

"అయ్యిద్దండీ" అంది జెరూష. "చూడండి మీరు."

ఎండ కోసం ఇంటావిడ శకుంతలమ్మ దగ్గరికి వెళ్ళింది. డాబా పైన వడియాలు పోసుకుంటుందని ఆవిడ అద్దెవాళ్ళెవరినీ పైకి రానివ్వదు. సంగతి విని శకుంతలమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఏంది బిడ్డా, గింత ఊరు మీద ఎండ కొడ్తుంటే నీ పెయ్యిల లేదా? పా, పైకి పా! గా స్కార్ఫు తీసెయ్యి ముందుగాల."

స్కార్ఫు తీసినప్పుడు జెరూషకి బట్టలిప్పినంత సిగ్గేసింది. నల్లబడతానేమోనని చేతులు కొంగు కిందికి లాక్కుంది. శకుంతలమ్మ కొంగు పక్కకి లాగేసింది. "నువ్వు తెరమీద కనబడవు కదనే! నీ కాళ్ళ సప్పుడు నలుపో తెలుపో ఎవనికి ఎరుక?" ఇద్దరూ పడీ పడీ నవ్వారు. డిసెంబరు ఎండ వీపు మీద గోరువెచ్చగా పాకుతుంటే, ఇన్నేళ్ళూ దేన్నుంచి దాక్కున్నానా అనిపించింది జెరూషకి.

ముందు రాత్రిపూట మంచం మీద పక్కకి తిరగడం తేలికైంది. తర్వాత ఒకనాడు కింద పడ్డ క్లిప్పు కోసం వంగి, గోడ పట్టుకోకుండా లేచింది. లేచాక గాని తెలియలేదు. మళ్ళీ గొంతుక్కూర్చుంది, మళ్ళీ లేచింది. "ఏవండీ, ఇటు రండి, చూడండి!" అని ప్రేమ్ చంద్‌ని నిలబెట్టి చూపించింది. ఆమెకి ఎండ తప్పిపోకుండా, స్టూడియోలో రఘునందన్ మధ్యాహ్నం నుంచి పని పెట్టుకునేట్టు వేళలు మార్చాడు. ఆమె నడక సీన్లు ఒక్కొక్కటే తిరగ చేసింది. ఒకరోజు అద్దం అవతల అతను రెండు బొటనవేళ్ళూ ఎత్తి, "హీరో ఇగ కుంటుతలేడు!" అని మైకులో అరిచాడు.

మూడు నెలలకి అంకె ముప్ఫై నాలుగు. ఎంజైమూ దిగివచ్చింది. డాక్టర్ నవత తుంటి కదిపి చూసి, పరుగెత్తవచ్చంది. "బరువు మాత్రం మొయ్యొద్దు. ఎత్తు నుంచి దూకొద్దు. ఎముక ఇంకా గట్టిపడుతోంది."

అక్కడ పడింది చిక్కు. హీరో వీపు మీద పిల్ల ఉంది. మామూలుగా అయితే జెరూష ఇసక సంచీ కట్టుకుని పరుగెత్తేది. బరువు మొయ్యకుండా బరువు వినిపించాలి. రెండు రోజులు ఆ సీనే చూస్తూ కూర్చుంది. బరువు మోసేవాడి మడమ ముందు పడుతుంది, పాదం నేలని ఒక్క పిసరు ఎక్కువసేపు పట్టుకుంటుంది, వేళ్ళు ఆలస్యంగా లేస్తాయి. సంచీ ఎందుకు? పాదం నేలని వదలడానికి ఇష్టపడకపోతే చాలు.

రికార్డింగ్ రోజు రఘునందన్ గదిలో చుట్టూరా నేలలు పరిచాడు. తడిపిన పాత తువ్వాళ్ళ కింద మట్టి పోసి బురద, తర్వాత చెక్కలు, కంకర తొట్టి, చివర ఇనప పలక. వరసగా మైకులు. చప్పుడవుతుందని ఏసీ ఆపేశారు. తిరుమలేశ్ వచ్చి అద్దం వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దీపాలు ఆరిపోయాయి. తెర మీద మంట లేచింది.

జెరూష చెప్పులు విడిచి బురదలోకి దిగింది. హీరో పిల్లని వీపున వేసుకున్నాడు. అతని మోకాలు వంగగానే ఈమె మోకాలు వంగింది.

పరుగు మొదలైంది. తప్, తప్, తప్. బురద పాదాన్ని లాగుతోంది, పాదం బురదని చీల్చుకుని లేస్తోంది. అతను మలుపు తిరిగితే ఈమె నడుము తిరిగింది. చెక్క వంతెన! ఒక్క అంగలో చెక్క మీదికి వచ్చింది, పలక మూలిగింది. తుంటిలో నొప్పి వస్తుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. రాలేదు. తొడల్లో బలం ఉంది, ఎక్కడో అడుగున ఇంకా మిగిలి ఉంది, వాడుకోమంటోంది! కంకరలోకి దిగింది. హీరో తూలాడు. ఆమె తూలింది, కావాలని, అతని కోసం. ఇక ఇనప మెట్లు. పాదం పడ్డప్పుడల్లా గది అంతా గణగణమంది. పైన ఆఖరి మెట్టు మీద హీరో పిల్లని దింపి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జెరూష కూడా కూలబడింది. ఆ చప్పుడు ఎవరూ చెయ్యమనలేదు, దానంతటదే వచ్చింది.

దీపాలు వెలిగాయి. అద్దం అవతల రఘునందన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. తిరుమలేశ్ తలుపు తోసుకుని గదిలోకి వచ్చాడు, బూట్లతోనే బురదలోకి.

"ఇంకొకసారి చెయ్యమంటారా అండీ?" అంది జెరూష రొప్పుతూ.

"వద్దు" అన్నాడాయన. "వద్దమ్మా, ముట్టుకోవద్దు దాన్ని." ఆమె చెయ్యి పట్టుకుని లేపబోయాడు. ఆమె నవ్వి, చెయ్యి విడిపించుకుని, తనంతట తనే లేచింది.

సినిమా విడుదలైన రోజు పొద్దుటాటకి శకుంతలమ్మ పట్టుబట్టి వచ్చింది. ఆవిడ హాల్లో అడుగుపెట్టి పదేళ్ళు దాటిందట. ఒక పక్కన ప్రేమ్ చంద్, ఇంకో పక్కన శకుంతలమ్మ, మధ్యలో జెరూష. సినిమా మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ, "గిది నీదేనా? గీ సప్పుడు?" అని చెవిలో అడుగుతూనే ఉంది. జెరూష అవునని తలూపుతూనే ఉంది.

మంటలు లేచాయి. మ్యూజిక్ ఆగిపోయింది. వెయ్యిమంది ఉన్న హాల్లో ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అడుగులు గోడల నుంచి, నేల నుంచి, కుర్చీల కింద నుంచి వచ్చాయి. ముందు వరసలోని కుర్రాళ్ళు నిజంగానే సీట్ల అంచుకి జరిగారు. శకుంతలమ్మ జెరూష చెయ్యి పట్టుకుంది. పరుగు సాగినంతసేపూ ఆ పట్టు బిగుస్తూనే పోయింది. హీరో మెట్ల మీద కూలబడగానే హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలి, చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

శకుంతలమ్మ లేచి నిలబడింది. "ఓ పిలగాండ్లూ!" అని ముందు వరసల వైపు కేకేసింది. "గా ఉరికింది గాడు కాదురా! మా జెరూష! ఇగో, గీమెనే!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవడో నమ్మలేక, "ఆంటీ, నిజమా?" అన్నాడు. ప్రేమ్ చంద్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. జెరూష సిగ్గుతో ఆవిడ కొంగు పట్టుకుని కిందికి లాగుతోంది, కూర్చోమని బతిమాలుతోంది, నవ్వు ఆపుకోలేక కళ్ళవెంట నీళ్ళు కారుస్తోంది.